రెస్ట్‌హౌస్ ముందు నీళ్ళ కుండ

"కుండ ఏది?"

బస్సు దిగి, ఎండలో నడిచొచ్చిన అమ్మాయి అడిగిన మొదటి మాట అది.

కొలంబో నుంచి క్యాండీ పోయే రోడ్డు మీద ఇంగ్లీషువాళ్ళు కట్టిన ఆ రెస్ట్‌హౌస్‌ను చూసుకునేది రువంత. ఈ అమ్మాయి ఇషిని, పురావస్తు శాఖ ఆఫీసరు. కాపాడదగ్గ కట్టడమని ఆమె రాస్తే రోడ్డు పక్కకు జరుగుతుంది. రాయకపోతే రోడ్డు వెడల్పు చేసే పనిలో రెస్ట్‌హౌస్ పోతుంది. దాని వెనక గదిలోనే పుట్టి, అక్కడే ముసలిదైన అతని ఆచ్చికి, అంటే అమ్మమ్మకు, నీడ కూడా పోతుంది.

అందుకే రువంత మూడు రోజులు గోడలకు సున్నం కొట్టించాడు.

"ఏ కుండ, మిస్?"

"గేటు పక్కన, పెంకుల కప్పు కింద ఉండేది. స్కూల్ ట్రిప్‌లో వచ్చినప్పుడు తాగాను."

"అదా! పాతబడి అసహ్యంగా ఉందని వంటింటి వెనక పడేయించా. ఫ్రిజ్‌లో బాటిల్ ఉంది, ఇస్తాను. ముందు గవర్నరు దొర పడుకున్న మంచం చూద్దురు రండి."

"ఈ రోడ్డు పొడుగునా గవర్నరు మంచాలే. ఆయనకి నిద్ర తప్ప వేరే పని లేదా?"

రువంతకు ఒళ్ళు మండింది. "కుండలు మాత్రం ఎక్కడా దొరకవా, మిస్?"

"మా ముత్తాత ఎడ్లబండి తోలేవాడు. ఈ మెట్లు ఎక్కనిచ్చేవాళ్ళు కాదట. ఇక్కడి వంటవాడే గేటు బయట కుండ పెట్టి, బండ్లవాళ్ళ కోసం రోజూ నింపేవాడట."

"ఆ వంటవాడు మా ఆచ్చి వాళ్ళ నాన్న," అన్నాడు రువంత. గొంతు బాగా తగ్గింది.

"ఆయన పెడితే మీరు పీకేశారా? భేష్!"

ఇంతలో వాన దిగింది. రువంత గొడుగు మాట మరిచి వెళ్ళి, కుండ మోసుకొచ్చి, పాతచోటే నిలిపి నూతినీళ్ళు నింపాడు. కొబ్బరిచిప్ప ముంచుకుని ఆమె తాగింది. తడిసి ముద్దయిన అతన్ని చూసి నవ్వింది కూడా. ఆ నవ్వు రిపోర్టుకు మంచిదో కాదో అతనికి తెలియలేదు. తనకు మాత్రం మంచిది కాదని ఆ వారంలోనే తెలిసింది. బస్సు ఆగిన ప్రతిసారీ తల ఎత్తుతున్నాడు.

రెండు నెలలకు ఆర్డరు వచ్చింది. రోడ్డు పక్కకు జరిగింది. రిపోర్టులో మంచం గురించి ఒక్క వరుస, కుండ గురించి రెండు పేజీలు.

ఆ ఆదివారమే ఇషిని బస్సు దిగింది. చేతిలో ఫైలు లేదు.

"ఇన్‌స్పెక్షనా, మిస్?"

"కాదు. దాహం."

"కొలంబో నుంచి ఇంత దూరమా? అక్కడ నీళ్ళు లేవా?"

"ఉన్నాయి. మీరే లేరు."

రువంత చేతిలోని చిప్ప జారి కుండలో పడింది.

"అమ్మాయిని ఎండలో నిలబెట్టి ఆ ప్రశ్నలేంట్రా?" లోపలి నుంచి ఆచ్చి కేకేసింది. "ముందు మెట్ల మీంచి తీసుకురా. పాలన్నం చల్లారిపోతోంది!"

శుభకార్యమైతే తప్ప ఆచ్చి పాలన్నం వండదు. అమ్మాయి వస్తోందని ఆ పొద్దున ఆమెకు ఎవరు చెప్పారో రువంతకు ఇప్పటికీ తెలియదు. అడిగితే ఇషిని నవ్వుతుంది.