కలిసి వెళితేనే చెల్లే టికెట్లు

“ఇంకెంతసేపు? ఆ మెషీన్‌తో కాపురం పెడతావా ఏంటి?”

కిందటి నెల విడిపోయాక గారెత్‌తో టామ్సిన్ మాట్లాడిన మొదటి మాట ఇది. లీడ్స్ స్టేషన్‌లో, శనివారం పొద్దున, వెనకాల బారెడు క్యూ ఉండగా అంది. చేతుల్లో పెద్ద కేకు పెట్టె లేకపోతే ఇంకా ఏం చేసి ఉండేదో చెప్పలేం.

గారెత్ వెనక్కి తిరగలేదు. ఫోనులో వచ్చిన కోడ్ చూసుకుంటూ ఒక్కో అక్షరమే తెర మీద నొక్కుతున్నాడు.

“తప్పు కొడితే మళ్ళీ మొదటికొస్తుంది. చెవిలో అరవకు.”

“అరిస్తే ఇలా ఉండదు. ఇది మామూలుగా మాట్లాడటం.”

“ఏవమ్మా, పోట్లాట ఇంటికెళ్ళి పెట్టుకోండి, మాకూ రైళ్ళున్నాయి!” అన్నాడు క్యూలోంచి ఒకాయన.

“మాకు ఇల్లు లేదండీ! వీడిదొకటి, నాదొకటి!” అని ఆయన మీదా విరుచుకుపడింది టామ్సిన్.

అసలు ఈ మనిషితో రైలెక్కాల్సిన ఖర్మ ఏమిటని రాత్రంతా తనని తాను తిట్టుకుంటూనే ఉంది. చిన్నప్పటి స్నేహితురాలు వెరిటీకి ఈ మధ్యాహ్నం స్కార్‌బరోలో పెళ్ళి. పెళ్ళి కేకు టామ్సిన్‌దే. వసంతంలో, ఇద్దరూ ఒకరంటే ఒకరు పడి చస్తున్న రోజుల్లో, ఈ ప్రయాణానికి గారెత్ చవగ్గా టికెట్లు కొన్నాడు. ఇద్దరి పేర్లూ, ఇద్దరి ఫోటోలూ ఉండే కార్డు మీద కొన్నాడు. జంటగా వెళితేనే ఆ తగ్గింపు. ఒక్కళ్ళే ఎక్కితే ఆ టికెట్టు చెల్లదు. పైగా అతని బ్యాంకు కార్డు లోపల పెడితే తప్ప మెషీను టికెట్టు కక్కదు. ఇప్పటికిప్పుడు విడిగా కొనుక్కుందామంటే, కొత్తగా తెరిచిన బేకరీకి పొయ్యి కొని ఆమె దగ్గర చిల్లిగవ్వ మిగల్లేదు.

అందుకే వచ్చింది. ఇదే ఆఖరు. పెళ్ళయ్యాక ఇంక ఇతని మొహం చూసేది లేదు. అలా అనుకున్నప్పుడల్లా ఫోనులో అతని నంబరు తెరిచి చూసుకునేది. దానికీ ఆమెకి కోపమే వచ్చేది.

మెషీన్ నాలిక చాపినట్టు నారింజ రంగు అంచున్న టికెట్టు ముక్కల్ని ఒక్కొక్కటే కిందకి వదలడం మొదలెట్టింది. యార్క్ దాకా ఒక జత, యార్క్ నుంచి స్కార్‌బరోకి ఒక జత. రైలు మారక్కర్లేదు, సీటు కూడా కదలక్కర్లేదు. దారిని అలా రెండు ముక్కలు చేసి కొంటే చవక పడుతుందని గారెత్ కనిపెట్టాడు. ఈ విద్యలో అతన్ని మించినవాడు ఆ ఊళ్ళో లేడు.

“రైలొచ్చేసింది, పద!” అంటూ టామ్సిన్ మోచేత్తో అతని వీపు మీద ఒక్క పోటు పొడిచింది.

గారెత్ చేతికందిన ముక్కలు జేబులో కుక్కుకుని పరిగెత్తాడు.

బోగీలో సీట్లు పక్కపక్కనే ఉన్నాయి. టామ్సిన్ కిటికీ సీట్లో కూర్చుని, అతని సీట్లో కేకుని కూర్చోబెట్టింది.

“మరి నేనో?”

“ఆ చివర ఖాళీగా ఉంది. నువ్వు కనపడకుండా ఉంటే నాకు కళ్ళు చల్లగా ఉంటాయి.”

అతను బుద్ధిగా వెళ్ళి చివర్న కూర్చున్నాడు. ఎదురు చెప్పి ఉంటే బాగుండుననిపించింది ఆమెకి. తిట్టడానికి ఇంకా బోలెడు మిగిలిపోయింది.

కాసేపటికి టికెట్లు చూసే గార్డు వచ్చింది. జుట్టు తెల్లబడ్డ పెద్దావిడ, చూపు మాత్రం చురుగ్గా ఉంది.

“టికెట్టు తల్లీ.”

“ఆ చివర కూర్చున్నతని దగ్గరున్నాయండీ.”

“ఇద్దరి కార్డా?”

“ఖర్మ కాలి.”

ఆవిడ గారెత్‌ని చేత్తో పిలిచింది. అతను కార్డూ, టికెట్లూ పట్టుకొచ్చి నిలబడ్డాడు. ఫోటోల్లో ఇద్దరూ చెవుల దాకా నవ్వుతున్నారు. గార్డు ఆ నవ్వుల వంకా, ఈ రెండు మొహాల వంకా మార్చి మార్చి చూసింది.

“మీరేనా వీళ్ళు?”

“అప్పట్లో,” అంది టామ్సిన్.

ఆవిడ ముక్కలు తిరగేసింది. “యార్క్ దాకా రెండున్నాయి. ఇదేమో డబ్బు కట్టిన రసీదు, ఇవేమో సీటు నంబర్లు. యార్క్ నుంచి స్కార్‌బరో టికెట్లేవీ?”

గారెత్ జేబులన్నీ వెతికాడు. ప్యాంటు జేబులో బిస్కెట్ పొడి తప్ప ఏం దొరకలేదు.

“మెషీన్లోనే ఉండిపోయాయి,” అన్నాడు మెల్లగా. “అన్నీ పడకముందే ఈవిడ పొడిచింది.”

“నేనా! నువ్వు లెక్క చూసుకోకుండా పరిగెత్తి, నా మీదకి తోస్తావా!”

“ఎవరు పొడిచినా ఒకసారి మెషీన్ ఇచ్చేశాక మళ్ళీ ఇవ్వదు,” అంది గార్డు. “మీరు యార్క్‌లో దిగాలి, లేదా ఇక్కడే నా దగ్గర కొత్తవి కొనాలి.”

గారెత్ అప్పుడే ఫోను తీశాడు. అది చూసేసరికి టామ్సిన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

“చూడు చూడు! చవకవి వెతుకు! తర్వాతి రైలుకి తక్కువా, ఆ తర్వాతి దానికి ఇంకా తక్కువా? నా క్రీము కరిగి నీళ్ళయిపోనీ! వెరిటీ పాచిపోయిన కేకు కోసుకుంటుంది! నువ్వు మాత్రం తగ్గింపు వదులుకోకు! నేను నీతో రావడం లేదు, విన్నావా? ఒకే రైల్లో ఉన్నాను, అంతే!”

బోగీలో వాళ్ళందరూ పేపర్లు దించి చూశారు.

గారెత్ ఆమె వంక చూశాడు, కేకు పెట్టె వంక చూశాడు. ఫోను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

“స్కార్‌బరోకి రెండివ్వండి.”

“అలాగే నాయనా. కార్డుందిగా, తగ్గించి ఇస్తాను.”

“వద్దండీ. అది కలిసి ప్రయాణం చేసేవాళ్ళకి. ఈవిడ నాతో రావడం లేదట. పూర్తి ధరకే కొట్టండి, రెండూ విడివిడిగా.”

టామ్సిన్ తలెత్తి అతన్ని కొత్తగా చూసింది. షూ లేసు కూడా తగ్గింపు ధరకే కొనే మనిషి. ఆఖరి గంటలో రేటు తగ్గించిన రొట్టె కోసం మంచులో నిలబడే మనిషి. అలాంటివాడు కార్డు చేతిలో పెట్టుకుని, కిక్కురుమనకుండా నిండు ధర చెల్లించాడు. ఒకటి ఆమె చేతికిచ్చాడు. గార్డు నవ్వు ఆపుకుంటూ ముందుకి కదిలింది.

“నీతో రావడం లేదని ఎవరన్నారు?” అంది టామ్సిన్.

“నువ్వే. ఇప్పుడే.”

“కోపంలో ఏదో అంటే, వెంటనే పట్టుకుని డబ్బు కట్టేస్తావా! బుద్ధుందా?”

“లేదు,” అన్నాడు గారెత్. ఇప్పుడు అతని గొంతు కూడా లేచింది. “ఉంటే ఆ రోజే నీకు చెప్పేవాణ్ణి.”

ఆ రోజు. ఎట్టకేలకి ఆ మాట ఇతని నోట వచ్చింది. టామ్సిన్ కేకుని ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

“కూర్చో,” అంది. “నిలబడితే మెడ నొప్పెట్టేలా తల ఎత్తి తిట్టాలి.”

కూర్చున్నాడు.

“జ్వరమని చెప్పావు. లేవలేకపోతున్నానన్నావు. దుకాణం మూసి, సూప్ కాచి తెచ్చి, నీ గుమ్మం మెట్ల మీద వానలో కూర్చున్నాను గారెత్! లోపల స్పృహ తప్పి పడున్నావేమోనని తలుపు బాదాను. నువ్వేమో గ్లాస్గో రైల్లో శాండ్‌విచ్ తింటున్నావట! పిప్పా నిన్ను కళ్ళారా చూసి నాకు చెప్పింది. నా దగ్గర పనిచేసే ఆ పిల్ల ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?”

“ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళాను.”

“అది నాకు తర్వాత తెలిసింది. అబద్ధం ఎందుకని అడుగుతున్నా!”

“వచ్చింది ఆ ఉద్యోగం. గ్లాస్గోలో, పడవలు కట్టే చోట. చిన్నప్పటి నుంచీ అదే కావాలనుకున్నాను. నువ్వు అప్పుడే బేకరీ తెరిచావు. నీకు చెబితే రెండే దారులు. నన్ను వెళ్ళమంటావు, నేను నిన్ను పోగొట్టుకుంటాను. లేదంటే దుకాణం మూసి నాతో వస్తావు, నీ పొయ్యి ఆర్పించిన పాపం జన్మంతా నాకుంటుంది. ఏది విన్నా తట్టుకోలేనని చెప్పలేదు.”

“ఓహో! నా జవాబు కూడా నువ్వే చెప్పేసుకున్నావన్నమాట! ఇంక నేనెందుకు మధ్యలో, కేకులు మోయడానికా?” టామ్సిన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. “ప్రేమించినదాన్ని అడగాలిరా! అడిగి, ఎదురుగా నిలబడి తిట్లు తినాలి! అది కూడా చేతకాకపోతే ఎందుకు ప్రేమించడం?”

గారెత్ చెయ్యి చాచి ఆమె చెంప తుడిచాడు. ఆమె తిట్టింది గాని తల పక్కకి తిప్పలేదు. యార్క్ ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వెళ్ళిందో ఇద్దరూ చూడలేదు.

స్కార్‌బరోలో దిగేసరికి వాన. సముద్రపు పక్షులు నెత్తి మీద గోల చేస్తున్నాయి. గారెత్ కోటు విప్పి కేకు పెట్టె మీద కప్పాడు. ఉన్న ఒక్క గొడుగూ కేకు మీదే పట్టాడు. ఇద్దరూ నిలువునా తడిశారు.

“టామ్సీ, అడుగుతున్నాను,” అన్నాడు. “సెప్టెంబరులో చేరాలి. ఏం చెయ్యను?”

“వెళ్ళు.”

అతని మొహం పాలిపోయింది.

“నేను రాను,” అంది టామ్సిన్. “నా పొయ్యి వదిలి ఎక్కడికీ రాను. నువ్వే రావాలి. ప్రతి శనివారం. వారం విడిచి వారం కుదరదు, పనుందంటే ఊరుకోను, జ్వరమంటే అసలే నమ్మను. ఫోను తియ్యి.”

“ఇప్పుడా? వాన...”

“తియ్యమన్నానా! టికెట్లు ఎప్పటిదాకా అమ్ముతున్నారో అప్పటిదాకా, అన్ని శనివారాలకీ గ్లాస్గో నుంచి లీడ్స్‌కి కొను. ముందుగా కొంటే దొరికే ఆ చవక రకమే కొను.”

వాన నీళ్ళు కారుతున్న తెర తుడుచుకుంటూ గారెత్ ఆమె వంక అనుమానంగా చూశాడు.

“ఆ రకానికి తర్వాత వద్దనుకుంటే డబ్బు వెనక్కి రాదు. నీకు తెలుసుగా?”

“తెలుసు,” అంది టామ్సిన్, ఇంకా కోపంగానే. “అందుకే అవే కొనమంటున్నాను.”