లైసెన్సు ఉండేది ఒక్కటే

“కంప్యూటర్ బాగు చెయ్యమంటే మొత్తం మార్చిపెట్టినావే. నా తెలుగు యాడబోయింది?”

ప్రొద్దుటూరులోని తన డీటీపీ సెంటర్లో పెంచల అలా నిలదీసేసరికి, పులివెందుల నుంచి వచ్చిన మెకానిక్ చెన్నకేశవులు తల గోక్కున్నాడు. ఎన్నికల సీజను. ఎదురుపడితే కొట్టుకునే రెండు పార్టీల వాళ్లు పాంప్లెట్ల కోసం తెచ్చే పెన్‌డ్రైవ్‌లలో వైరస్‌లు మాత్రం ఒకటే. వాటితో వేగలేక విండోస్ తీసేసి లైనక్స్ వేశాడు. తీరా చూస్తే తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్ విండోస్‌లో మాత్రమే నడిచేది.

“లైనక్స్‌లోనే నడిపిస్తాలే. మధ్యలో ఒక ప్రోగ్రామ్ పెడితే, దానికి ఇది సొంతిల్లే అనిపిస్తాది.”

“కొత్తకోడలికి పుట్టిల్లు మరిపించినట్లా?”

“అట్లనే అనుకో.” ఆమె వంక చూడబోయి మానిటర్ వంక చూశాడు. “దీనికి లైసెన్సుందా?”

“కాపీనప్పా. అందరూ వాడేది అదే.”

“లైనక్స్ వాళ్లు ఊరికే వాడుకోమన్నారు. వీళ్లు అనలేదు కదా. అడక్కుండా నేను పెట్టను.”

పెంచలకు ఒళ్లు మండింది. వారమంతా ఫోన్లో పోట్లాడింది. పోనుపోను పోట్లాటకు సాకులు వెతుక్కోవాల్సి వచ్చింది. ఈ మొండివాడంటే తనకు ఇష్టమని అప్పుడే తెలిసింది.

ఒక మధ్యాహ్నం నాన్న సుబ్బన్న క్యారియర్ తెచ్చేసరికి ఫోన్ స్పీకర్లో అతని గొంతు వినిపిస్తోంది.

“లైసెన్సు దొరికింది పెంచలా. ఉండేది ఒకటే. దాన్ని నీకాడనే పెడతా. ఇంగ ఎవురికీ భయపడే పన్లేదు.”

సుబ్బన్న క్యారియర్ పట్టుకుని గడపలోనే ఆగిపోయాడు. పార్టీ తగాదాల్లో తమ్ముణ్ణి పోగొట్టుకుని, గొర్రెలు అమ్ముకుని, జమ్మలమడుగు పక్క పల్లె విడిచి వచ్చిన మనిషి. ఆయనకు తెలిసిన లైసెన్సు తుపాకీదే.

“నీ మనసు నాకు తెలుసమ్మా. కానీ తుపాకీ ఉండే ఇంటికి నిన్నియ్యను.”

పెంచలకు నవ్వొచ్చింది. నాన్న కళ్లు చూశాక ఆ నవ్వు నిలవలేదు. “తుపాకీ కాదు నాయనా,” అని ఎంత చెప్పినా ఆయన వినలేదు.

మర్నాడు చెన్నకేశవులు వచ్చేసరికి సుబ్బన్న సెంటర్లోనే కూర్చుని ఉన్నాడు.

“లైసెన్సు తెచ్చినావంట. చూపియ్యి.”

చెన్నకేశవులు కంప్యూటర్ ముందు కూర్చుని పని మొదలుపెట్టాడు. కాసేపటికి లైనక్స్‌లోనే తెలుగు సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. పెంచల పెద్ద అక్షరాలతో ‘సుబ్బన్న’ అని కొట్టింది.

“ఈ అక్షరాలకే మామా లైసెన్సు,” అన్నాడు చెన్నకేశవులు.

సుబ్బన్న తన పేరును అక్షరం అక్షరం చదువుకున్నాడు. భయం దిగి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“తుపాకులకే లైసెన్సు అడగరు మా పక్క. నువ్వు అక్షరాలకు అడిగినావా?”

“అడక్కుండా తీసుకునేది నాకు చేతగాదు మామా.”

“మరి మా పిల్లనో?”

పెంచల కీబోర్డు మీద లేని అక్షరమేదో వెతకసాగింది.

“అడిగేదానికే మా అమ్మను తోడుకొచ్చినా. బయట ఆటోలో ఉంది. మీరు రమ్మంటే...”

“ఇంత ఎండలో కూర్చోబెట్టినావా? పిలువప్పా,” అన్నాడు సుబ్బన్న, తన కుర్చీ ఖాళీ చేస్తూ.