బిగించే చెయ్యి

ఒకటి, రెండు, మూడు, నొక్కు.

రత్నం పెదవులు కదులుతున్నాయి గాని మాట పైకి రావడం లేదు. మంచం పట్టె మీద ఒక మోకాలు ఆన్చి, రబ్బరు చేతితిత్తిని రెండు చేతులా నొక్కుతోంది. నొక్కినప్పుడల్లా వదిన సన్యాసమ్మ రొమ్ము లేస్తోంది. లెక్క కాస్త ఆలస్యమైతే ముసలామె కళ్ళు పెద్దవవుతున్నాయి. మంచం పక్కన శ్వాసపేటి ఆగిపోయి అప్పటికి ఇరవై అయిదు నిమిషాలు.

"ఇంకెంతసేపమ్మా?"

"కవాటం పట్టేసిందండీ. మార్చేస్తున్నాను. పది నిమిషాలు," అంది నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న అమ్మాయి. పేటి మూత విప్పి పక్కన పెట్టుకుంది. చొక్కా జేబు మీద కుసుమ అని పేరు కుట్టి ఉంది.

పది నిమిషాలంటే నూటయాభై నొక్కులు. రత్నం మణికట్లు లాగేస్తున్నాయి. అరవై ఒకటి నిండిన చేతులవి. మనసు మళ్ళించుకుంటే నొప్పి తెలియదని మాట కలిపింది.

"పనెక్కడ నేర్చావు?"

"సిగ్నల్స్‌లోనండి. సైన్యంలో ఏడేళ్ళు చేశాను. బయటికొచ్చి నాలుగు నెలలైంది. గేటు దాటకముందే ఈ పేటిల కంపెనీవాళ్ళు ఉద్యోగం ఇచ్చేశారు."

"ముద్ర ఎవరిది?"

"పేర్లు చెప్పరు కదండీ, నంబరే. మాది పద్నాలుగో ముద్ర. రేడియో సెట్లకి అంతకన్నా మంచి చెయ్యి లేదంటారు."

రత్నం తిత్తి నొక్కింది.

విజయనగరంలో ఇప్పుడు చేతిపనిని ఎవరూ ఏళ్ళ తరబడి నేర్చుకోవడం లేదు. గంటస్తంభం దగ్గర దోసెలు పోసే ఆయన చేతిలో ఎప్పుడో పోయిన ఒక వంటమనిషి చెయ్యి ఉంది. ఎదురింట్లో జాకెట్లు కుట్టే అక్కాచెల్లెళ్ళిద్దరికీ కత్తెర ఒకేలా పలుకుతుంది. ఆరితేరినవాళ్ళ చేతులకు తొడుగులు వేసి, వేళ్ళకు నరాలు పంపే ఆజ్ఞలన్నీ పట్టి దాస్తారు. దాన్ని కరముద్ర అంటారు. నేర్చుకునేవాళ్ళు ఆ తొడుగు తొమ్మిది రోజులు వేసుకుంటే చాలు, ఆ చెయ్యి వాళ్ళదైపోతుంది. ఇదంతా ముందు సైన్యంలో పుట్టింది. రెండేళ్ళు పట్టే సిగ్నల్స్ శిక్షణ తొమ్మిది రోజులకు దిగింది.

పద్నాలుగో ముద్ర ఇచ్చిన మనిషి సుబేదారు అప్పలసూరి. రత్నం భర్త. నలభై రోజులు శిక్షణ కేంద్రంలో తొడుగులతో కూర్చుని, చర్మం ఊడిన చేతులతో ఇంటికొచ్చాడు. ఆమె వారం పాటు అన్నం కలిపి పెట్టింది. ఆయన పోయి మూడేళ్ళు. ఆ చెయ్యి మాత్రం పదకొండు వేల మందికి ఉందని సిగ్నల్స్ దళంవాళ్ళు సంతాప సభలో చెప్పారు. ఆ అంకెను రత్నం ఎందరికో చెప్పుకుంది. అందులో ఒక చేతిని కళ్ళతో చూడటం ఇదే మొదలు.

విప్పిన స్క్రూలను కుసుమ ఎడమ మణికట్టుకు జిగట పైకి వచ్చేలా చుట్టుకున్న టేపు మీద అంటించుకుంది. ఏ స్క్రూ ఏ మూలదో ఆ వరసలో. కొత్త కవాటాన్ని కూర్చేముందు బొటనవేలితో దాని అంచు ఒకసారి తడిమింది. మనిషి ఇరవై ఆరేళ్ళ పిల్ల. గోళ్ళకు గులాబీ రంగు. తడమడం మాత్రం సూరిదే.

ఒకటి, రెండు, మూడు, నొక్కు.

కుసుమ మూత పెట్టింది. నాలుగు స్క్రూలూ తిప్పింది. నాలుగోది అయ్యాక ఆమె కుడిచెయ్యి, చూపు తిప్పకుండానే, వెనక్కి చాచుకుంది. స్క్రూడ్రైవర్ పిడి అవతలివాళ్ళకు అందేటట్టుగా గాలిలో ఆగింది.

రత్నం ఎడమచెయ్యి దానంతట అదే తిత్తిని వదిలేసి ముందుకు వెళ్ళింది.

మంచం మీద సన్యాసమ్మ ఎగశ్వాసగా గుర్రుమంది. రత్నం ఉలిక్కిపడి మళ్ళీ తిత్తి పట్టుకుని గబగబా రెండుసార్లు నొక్కింది. ఆ మధ్యలో కుసుమ చాచిన చేతిని చూసుకుని, కొంచెం సిగ్గుపడి, స్క్రూడ్రైవర్‌ను సంచిలో వేసుకుంది. మీట నొక్కింది. పచ్చదీపం వెలిగింది. గొట్టం తగిలించగానే సన్యాసమ్మ రొమ్ము నిదానంగా లేచి దిగసాగింది.

"అయిపోయిందండీ. కరెంటు పోయినా బ్యాటరీ మీద తొమ్మిది గంటలు నడుస్తుంది."

"అమ్మా, నువ్వు మూత బిగించలేదు."

"బిగించానండీ."

"బిగించలేదు. నాకు తెలుసు."

కుసుమ నవ్వి, పెద్దావిడ మాట తీసెయ్యలేనట్టు, డ్రైవర్ తీసి స్క్రూ మీద పెట్టింది. తిప్పబోయింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. "చూడండి, ఇంక తిరగదు."

రత్నం డ్రైవర్ అందుకుంది. నక్షత్రపు తల స్క్రూ అది, దానికి పట్టే డ్రైవర్ పనివాళ్ళ దగ్గర తప్ప ఉండదు. నాలుగింటినీ ఒక్కొక్క అరచుట్టు తిప్పింది. ఎక్కడ ఆపాలో ముప్ఫై ఏళ్ళుగా ఆమె వేళ్ళకు తెలుసు. అంతవరకూ లేదనుకున్న సన్నటి బుస ఒకటి ఆగిపోయింది. పేటి తెరమీద మోటారు వేగం డెబ్బై నుంచి నలభైకి దిగింది.

కుసుమ ఆ అంకెను చూస్తూ ఉండిపోయింది. "గాలి కారుతోంది," అంది మెల్లగా. "కారే గాలికి సరిపడా పేటి మోటారును ఎక్కువ తిప్పేసింది. అందుకే ఎర్రదీపం వెలగలేదు. అలాగైతే బ్యాటరీ తొమ్మిది గంటలు రాదు. గంట కూడా రాదు." తన కుడిచేతిని తిప్పి చూసుకుంది. "మీకెలా తెలిసింది?"

"అది మా ఆయన చెయ్యమ్మా."

పిల్ల ఠక్కున లేచి నిలబడింది. "పద్నాలుగో ముద్ర సాబ్ మీ ఆయనా?"

"కూర్చో. సెల్యూట్లు తరవాత. ఇంట్లో మిక్సీ విప్పినా, ఫ్యాను విప్పినా ఆయనింతే. మూత పెట్టి, స్క్రూలు తగిలించి, డ్రైవర్ వెనక్కి చాపేవాడు. బిగించడం నా వంతు. సగంపని మనిషి అని ఎన్నిసార్లు తిట్టానో. 'విప్పినవాడి కంటికి తన తప్పు కనబడదే, బిగించేవాడు ఇంకొకడై ఉండాలి' అనేవాడు."

"జోడు," అంది కుసుమ. "వర్క్‌షాపులో అదే రూలండీ. ఒకరు విప్పాలి, జోడు చూసి బిగించాలి. నా జోడు భవాని. ఏడేళ్ళలో నేనొక్క మూత కూడా చివరిదాకా బిగించలేదు. నేనేంటి, సాబ్ కూడా బిగించలేదు. తొడుగులు వేసి పట్టింది ఆయన చేతినే, ఆయన జోడు చేతిని కాదు కదా."

"మరి ఇక్కడ?"

"ఇక్కడ ఒక్కదాన్నే పంపుతారు. ఇద్దరికి జీతం ఎవరిస్తారండీ?"

మంచం మీద నుంచి, ముసుగులోంచి, సన్యాసమ్మ గొణిగింది. "ఏటయ్యిందే? నా ప్రాణం మీదకొచ్చిందేటి మళ్ళీ?"

"నీది కాదు వదినా."

కుసుమ అప్పటికే జేబులోంచి చిన్న తెరపలక తీసి, తను వెళ్ళిన ఇళ్ళ జాబితాను వేలితో లాగుతోంది. నాలుగు నెలల్లో ఆమె చాలా ఇళ్ళకు వెళ్ళింది గాని మూత విప్పినవి తొమ్మిది, అన్నీ ఈ నెలన్నరలోవే. ఇది కాక తొమ్మిది. ఆఫీసుకు ఫోను చేసింది. తొమ్మిదింటి మీదా ఏ హెచ్చరికా లేదని, పచ్చదీపం ఉన్న పేటికి మనిషిని పంపే పద్ధతి లేదని, ఫిర్యాదు రాసిస్తే మూడు రోజుల్లో పైవాళ్ళు చూస్తారని అవతలి గొంతు మర్యాదగానే చెప్పింది.

"మూడు రోజులా! ఇవాళ రెండింటికి కరెంటు తీస్తారు," అంది కుసుమ. "నెలనెలా చేసే లైన్ల మరమ్మతు. సాయంత్రం దాకా రాదు."

గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది.

"ఇంకెవరినైనా పంపమను."

"పంపినా పద్నాలుగో ముద్రేనండీ. అందరం ఒకటే చెయ్యి. ఇంట్లోవాళ్ళ చేత తిప్పిద్దామంటే, కొంచెం ఎక్కువైతే మూత పగులుతుంది." పలకను జేబులో పెట్టుకుంటూ అంది, "ఫిర్యాదు రాస్తే ముందు నా లైసెన్సు తీసేస్తారు. రాయనని కాదు. రాస్తాను. కానీ రెండింటికి..."

రత్నం కొంగు బొడ్లో దోపుకుంది. ఆ వెంటనే మంచం వైపు చూసి ఆగింది.

"నన్నేటి సూస్తావు?" అంది సన్యాసమ్మ. "నాకు మొగుడు కాపలా కాశాడా, ఇప్పుడు నువ్వు కాస్తావా? పేటి నడుస్తోంది కదేటి. ఎల్లు. నా తమ్ముడు సగం పని చేసి ఒగ్గీసి పోయాడు, మిగతా సగం నువ్వు కాక ఎవులు చేస్తారు? బేగెల్లు."

కుసుమ బండి వెనక రత్నం ఎక్కింది. సంచిని ఒళ్ళో పెట్టుకుంది.

మొదటి ఇల్లు కంటోన్మెంటులో. తలుపు తీసిన మనిషికి ఏం చెప్పాలో ఇద్దరికీ తెలియలేదు. చివరి తనిఖీ అని కుసుమ అంది. డెబ్బై, నలభై. రెండో ఇంట్లో పేటి పడుకున్న చిన్నపిల్ల తలదగ్గరే ఉంది. రత్నం చేతికి పట్టిన చెమటను చీరకు తుడుచుకుని మరీ తిప్పింది. అక్కడ మోటారు ఎనభై అయిదు మీద ఉంది. నాలుగో ఇంటికి తాళం. పక్కింటివాళ్ళను అడిగి, వాళ్ళు ఫోను చేసి, తాళంచెవి తులసికోట వెనక దొరికేసరికి పదిహేను నిమిషాలు పోయాయి. ఆరో ఇంటాయన గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"పచ్చదీపమే ఉంది కదమ్మా. బాగున్నదాన్ని విప్పి పాడుచేసి మళ్ళీ బిల్లు వేస్తారేటి?"

"విప్పను బాబూ, బిగిస్తాను," అంది రత్నం. "నన్ను చూస్తే బిల్లు వేసేదానిలా ఉన్నానా?"

ఆయన ఆమె చీరనూ, అరిగిన చెప్పులనూ చూసి పక్కకు జరిగాడు.

రైల్వేగేటు దగ్గర ఆగినప్పుడు కుసుమ వెనక్కి తిరక్కుండానే అంది. "మా చెల్లికి జడ వేస్తే కూడా చివర రబ్బరు పెట్టకుండా వదిలేస్తానండీ. నాకు పెళ్ళి మీద ధ్యాస పడిందని ఇంట్లో నవ్వుతారు."

రత్నానికి నవ్వు రాలేదు. పదకొండు వేలు అన్న అంకె ఇప్పుడు గుండెల మీద రాయిలా కూర్చుంది. వాళ్ళలో ఎంతమంది బయటికొచ్చారో, ఎక్కడెక్కడ ఒంటరిగా మూతలు పెడుతున్నారో. ఎవరెవరు వెనక్కి చెయ్యి చాపి, అందుకునేవాళ్ళు లేక, సిగ్గుపడి సంచిలో వేసుకుంటున్నారో.

ఎనిమిది ఇళ్ళు అయ్యేసరికి రెండు కావడానికి పది నిమిషాలుంది. తొమ్మిదోది దాసన్నపేటలో, సందు చివర. తలుపు తీసే ఉంది. గడప లోపల ఒకావిడ చాటలో చింతపండు గింజలు తీస్తోంది. ముప్ఫై అయిదుంటాయేమో. కుసుమను చూసి గుర్తుపట్టి, చాట పక్కన పెట్టి లేచింది.

"రామ్మా, రా. పేటి తీసుకెళ్ళడానికి వచ్చావా? వారమై మీ ఆఫీసుకి చెప్తున్నాను, ఎవరూ రాలేదు."

మూలన శ్వాసపేటి ఉంది. దాని మీద తువ్వాలు కప్పి ఉంది.

"తీసుకెళ్ళడమేంటండీ?" అంది కుసుమ. "సారు..."

"నీకు తెలీదు కదూ. పోయిన నెల కరెంటు తీశారే, ఆ రోజే. నేను బజారుకెళ్ళి వచ్చేసరికి మా ఆయన పోయారు." దమయంతి అనే ఆ మనిషి ఈ మాటను చాలాసార్లు చెప్పి ఉంటుంది, గొంతు వణకలేదు. "డాక్టరు గుండె అన్నాడు. ఎప్పటికైనా తప్పదన్నాడు. నువ్వొచ్చి బాగుచేసి వెళ్ళాక మాత్రం పన్నెండు రోజులు హాయిగా పడుకున్నారమ్మా. అంతకుముందు నెలరోజులు కంటిమీద కునుకు లేదు. ఆ పిల్ల చేతిచలవ అనేవారు. నిన్ను చూస్తే చెప్పమన్నారు."

ఆవిడ కుసుమ కుడిచేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుంది.

కుసుమ చెయ్యి లాక్కోలేదు. ముఖంలో నెత్తురు లేదు. రత్నం మూలనున్న పేటి దగ్గరికి వెళ్ళింది. తువ్వాలు తొలగించి స్క్రూ మీద డ్రైవర్ ఆనించింది. అరచుట్టు తిరిగింది.

తిరుగుతుందని ఆమెకు ముందే తెలుసు. ఆ మనిషి గుండె ఆగి పోయాడో, గాలందక పోయాడో ఏ డాక్టరూ ఇప్పుడు తేల్చలేడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఈవిడ పన్నెండు రోజుల నిద్రను తలుచుకుంటూ బతుకుతుంది. సూరి పేరు సూరి పేరులాగే ఉంటుంది. ఈ పిల్ల ఒక్కతే, ఆ అరచుట్టును ఏ ఇంట్లో అన్నం తింటున్నా, ఎవరికి జడ వేస్తున్నా మోసుకు తిరుగుతుంది. ఆయన చేసిన సగం పనులన్నీ ఇంట్లో తాను పూర్తి చేసింది. ఇది మాత్రం ఎవరి పని?

"అమ్మా దమయంతీ, కాస్త ఇలా కూర్చో," అంది రత్నం. తానూ నేలమీద కూర్చుంది. "నీకొక మాట చెప్పాలి. విన్నాక నన్నేమన్నా అను, ఈ పిల్లని అనకు. నువ్వు కళ్ళకద్దుకున్న చెయ్యి దీనిది కాదు. మా ఆయనది."

"అంటే?" అంది దమయంతి. చెయ్యి ఇంకా వదల్లేదు.

రత్నం చెప్పడం మొదలుపెట్టింది. తన చేతిని పట్టుకున్న ఆ వేళ్ళు ఏ మాట దగ్గర వదులుతాయోనని కుసుమ కళ్ళు మూసుకుంది.