ఫోనమ్మ

దిండి రిసార్టులో పొద్దున్నే లేచి, సత్యదుర్గ దువ్వెన పట్టుకుని కూతురి కోసం చూసింది. యామిని అప్పటికే వరండాలో సూర్యావతి ముందు కూర్చుని జడలు వేయించుకుంటోంది. సత్యదుర్గ దువ్వెన మళ్ళీ సంచిలో పెట్టేసింది.

సూర్యావతి ఆమెకి తోడికోడలు. యామిని ఇంకా పాలు మానకముందే సత్యదుర్గ ఇంటిపనికి కువైట్ వెళ్ళాల్సొచ్చింది. భర్త అంజిబాబు కాలు విరిగి మంచాన పడ్డ రోజులవి. పిల్లలు లేని సూర్యావతి ఆ పసిగుడ్డుని ఎత్తుకుని మళ్ళీ దింపలేదు. ఇప్పుడు పిల్లకి అయిదేళ్ళు. ఇక వెళ్ళేది లేదని తేల్చి చెప్పి సత్యదుర్గ వచ్చేసింది. రాజోలులో ఓ వాటా అద్దెకి మాట్లాడింది. వచ్చే బుధవారం భర్తనీ కూతుర్నీ తీసుకుని అక్కడికి మారిపోవాలి. ఆలోపు పిల్లని మచ్చిక చేసుకుందామనే ఈ షికారు. ముగ్గురే వెళ్దామనుకుంది. తీరా ఆటో ఎక్కేటప్పుడు యామిని సూర్యావతి కుచ్చిళ్ళు వదిలితే ఒట్టు.

అసలు బాధంతా పిలుపు దగ్గరే ఉంది. పిల్లకి సూర్యావతి అమ్మ. సత్యదుర్గేమో ఫోనమ్మ. రోజూ ఫోన్లో గలగలా కబుర్లు చెప్పిన పిల్ల, మనిషి ఎదురుగా వచ్చి నిలబడేసరికి మూగనోము పట్టింది. కన్నతల్లికి ఇంతకంటే శిక్ష ఏముంటుంది?

పడవ షికారులోనూ అంతే. సత్యదుర్గ పక్కన కూర్చోబెట్టుకుంటే, చూస్తుండగానే పిల్ల సూర్యావతి పక్కకి జరిగిపోయింది.

ఎండ ముదరకముందే అంజిబాబు వాళ్ళని అంతర్వేది సముద్రం ఒడ్డుకి తీసుకొచ్చాడు. కొట్ల నిండా గవ్వల దండలు, శంఖాలు, కొబ్బరిచిప్పతో చేసిన కోతులు. సత్యదుర్గకి పూనకం వచ్చినట్టయింది. పిల్ల దేనివంక చూస్తే అది కొంది, చూడనివి కూడా కొంది. గవ్వల గాజులు మాత్రం పిల్ల చేతికి వదులై జారిపోయాయి. వీడియోకాల్లో పిల్ల మొహమే చూసిన తల్లికి మణికట్టు కొలత ఎలా తెలుస్తుంది? యామిని ఇచ్చినవన్నీ బుద్ధిగా అందుకుని, ఒక్కొక్కటే తీసికెళ్ళి సూర్యావతి సంచిలో వేసింది.

కొట్టామె ముచ్చటపడి సూర్యావతితో అంది: "మీ పాప అదృష్టవంతురాలండి. ఇన్ని కొనిపెట్టే పిన్నిగారు ఎవరికి దొరుకుతారండీ?"

సూర్యావతి తల వంచుకుని సంచి సర్దుకుంది.

సత్యదుర్గ పిల్లని అంజిబాబు వెంట బొండాల బండి దగ్గరికి పంపేసింది. సరుగుడు చెట్ల నీడలోకి రాగానే ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా బయటపెట్టింది.

"కన్నతల్లి ఆవిడేనండీ అని ఒక్క మాట అనడానికి మీకు నోరు రాలేదా అక్కా? ఇంట్లో ఎలాగూ అమ్మ మీరే. ఇక్కడ నన్ను పిన్నిని కూడా చేసేసేరు."

"పిల్ల ముందు కాదనలేకపోయేను దుర్గా."

"అమ్మ అనమని నేర్పింది మీరు కాదూ?"

"పెద్దమ్మ అనే నేర్పేను. దానికి పెద్ద అనడానికి నోరు తిరగలేదు, అమ్మ దగ్గరే ఆగిపోయింది." సూర్యావతి చేతిలోని సంచి కింద పెట్టింది. "దిద్దాల్సింది. దిద్దలేదు. ఆ పిలుపుకి ఆశపడ్డాను. తప్పు నాదే."

ఆ ఒప్పుకోలుతో సత్యదుర్గ చల్లబడాలి. చల్లబడలేదు. బుధవారం తర్వాత తమ గడప తొక్కొద్దంది, మిమ్మల్ని మర్చిపోతేగానీ పిల్ల నాకు దక్కదంది. సూర్యావతి అలాగేనన్నట్టు తలూపి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

అంతలో సత్యదుర్గ ఫోను మోగింది. అంజిబాబు నంబరు. ఎత్తితే యామిని గొంతు. బండి పక్కన పిల్ల ఒకసారి ఇటు చూసి, వీపు తిప్పి, తండ్రి ఫోను చెవికి ఆనించుకుని నిలబడి ఉంది.

"ఫోనమ్మా, అమ్మని తిట్టేవా? అమ్మ ఏడుస్తుంది."

సత్యదుర్గ బండి వైపు రెండడుగులు వేసింది. "లేదు తల్లీ. ఇటు రా, నా దగ్గరికి రా."

"ఊహూఁ. నువ్వు కువైట్ వెళ్ళిపో. అక్కడుంటే మంచిదానివి. మనం బోల్డు కబుర్లు చెప్పుకునేవాళ్ళం కదా."

ఫోను పెట్టేశాక సత్యదుర్గ ఇసుకలో కూలబడింది. పరాయి ఇంట్లో పనంతా అయ్యాక, వంటగదిలో నిలబడి విన్న ఆ కబుర్లే కదా ఇన్నేళ్ళూ ఆమెని బతికించాయి! వాటి వెనక ఎప్పుడూ ఇంకో గొంతు ఉండేది. కొత్త గౌను చూపించమ్మా, ఫోనమ్మకి ముద్దు పెట్టమ్మా అని మెల్లగా అందిస్తూ ఉండేది. తన పేరు ఆ పిల్ల నోట ఆరిపోకుండా రోజూ ఫోను పట్టుకు కూర్చున్నది ఎవరు? తను గడప తొక్కొద్దన్న మనిషే. ఆ సంగతి ఇప్పుడు తట్టినందుకు సిగ్గుతో ఏడ్చింది, కూతురి మాట తలుచుకుని ఏడ్చింది.

సూర్యావతి వచ్చి పక్కన కూర్చుంది. "ఊరుకో దుర్గా. రేపట్నించి నన్ను పెద్దమ్మ అనే పిలవమంటాను. పిలవకపోతే పలకను."

"వద్దక్కా." సత్యదుర్గ ఆమె చెయ్యి పట్టుకుంది. "దానికున్న అమ్మని తీసేసి నేను అమ్మని కాలేను. రాజోలు వాటా వద్దని చెప్పేస్తాను. మీ ఇంట్లోనే ఓ మూల పడుంటాను. అది ఏం తింటుందో, దేనికి భయపడుతుందో నాకేమీ తెలీదు. నాకు నా పిల్లని కొంచెం కొంచెం నేర్పండి."

సూర్యావతి కళ్ళు తుడుచుకుంటూ, "బొండం నీళ్ళు తాగదు," అంది. "లోపలి లేత కొబ్బరైతే తింటుంది. వేలితో తీసి పెట్టాలి. తొందరపెడితే నోరు తెరవదు. ఆగాలి."

"ఆగుతానక్కా," అంది సత్యదుర్గ.