మూసిన చేతికి ఇసుక

చెంబూ చెంబూ ఎటు పోయావే?
నీళ్ళమ్మ ఇంటికి నే పోయానే.
నీళ్ళమ్మ నీకేమి ఇచ్చిందే?
ఊఁ... ఊఁ ఊఁ...

ఇక్కడికొచ్చి ఆగిపోతుంది నాకు. చిన్నప్పుడు చేతులు పట్టుకుని గిరగిరా తిరుగుతూ పాడుకున్న పాట. చెంబు ఏదో జవాబు చెప్తుంది. ఆ జవాబు ఎప్పుడో నా బుర్రలోంచి జారిపోయింది. మా చెల్లెలి కూతుర్ని ఒళ్ళో వేసుకుని పాడినప్పుడూ అంతే, అక్కడికి రాగానే ఊఁ ఊఁ అని మూలిగేదాన్ని. అదేమో ఆ మూలుగుతో సహా నేర్చేసుకుంది.

దాన్ని మేము చిలక అంటాం. నోరు మూతపడదు మరి. ఈ సంగతి చెప్పింది అదే. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. అక్షరాలు నాకు ముసలితనంలో పట్టుబడ్డాయి, నెమ్మదిగా రాస్తాను. మీరూ నెమ్మదిగానే చదవండి.

ఎడారి ఊళ్ళో ఒక సందు ఉందిట. సందు చివర ఒక మేడ. మేడ కింద రెండు వాటాలు. ఒక వాటాలోకి ఎవరో ఒకరు అద్దెకు వస్తారు, పోతారు. రెండోదానికి మాత్రం ఎవరూ రారు. చీకటి పడితే దాని పక్కనుంచి ఎవరూ నడవరు. పాలవాడు కూడా ఆ మలుపు దగ్గర సైకిలు దిగి, అటు చుట్టు తిరిగి వస్తాడుట.

ఎందుకంటే ఆ గోడ అవతల ఒక ఆడగొంతు ఏదో అడుగుతుంది. ఎవరికీ అర్థం కాని భాషలో.

మా చిలక కాపురం పెట్టింది ఆ మొదటి వాటాలో.

అల్లుడికి అక్కడ ఉద్యోగం వచ్చింది. ఎండతో కరెంటు తీసే పలకలున్నాయే, వాటిని బిగించే పని. దేశం ఈ కొస నుంచి ఆ కొసకి. లారీలో చెక్క బీరువా, మంచం, గిన్నెలు. రైల్లో వీళ్ళిద్దరూ, చంకలో చంటిది. ఇక్కడి ఇల్లు వదిలేసుకుని, ఉన్నదంతా ఊడ్చుకుని పోయారు. వెనక్కి రావడానికి ఇక్కడ ఏమీ మిగల్లేదు.

మొదట్లో ఫోనులో ఒకటే నవ్వు. "ఇక్కడ చెమట పట్టదు పెద్దమ్మా, పట్టేలోపే ఆరిపోతుంది! బట్టలు ఈ కొస ఆరేసి ఆ కొసకి వెళ్ళేసరికి మొదటిది అప్పడం!"

రాత్రిళ్ళు మాత్రం నవ్వేది కాదు. అల్లుడు పలకల దగ్గరే షెడ్డులో ఉండి, వారానికోసారి ఇంటికొచ్చేవాడు. ఒక్కతీ పడుకుంటే—టక్. మళ్ళీ కాసేపటికి—టక్... ఎవరో వేలితో తలుపు కొట్టినట్టు. దుప్పటి ముసుగేసుకుని చంటిదాన్ని కరుచుకుని పడుకునేదిట. తీరా అల్లుడు వచ్చినప్పుడు చూస్తే ఏముంది? మన వానల్లో ఉబ్బిన బీరువా అక్కడి గాలికి ఎండి, బిగుసుకుని, అతుకుల దగ్గర పగుళ్ళిస్తోంది.

"దెయ్యం కాదే, మీ పుట్టింటి బీరువా! నీలాగే దానికీ నోరు ఆగడంలేదు," అన్నాడుట.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత గోడ అవతల ఏ చప్పుడు విన్నా బీరువా మీదికే తోసేసింది.

ఇక్కడొక అలవాటు చెప్పాలి. మా ఇళ్ళల్లో పొద్దుగూకేసరికి బిందెలో మిగిలిన నీళ్ళు పారబోసి, కడిగి, కొత్తనీళ్ళు పట్టి పెడతాం. నిలవ నీళ్ళు తాగం. వానలు కురిసే చోట పెరిగిన చేతులు కదా, అవి ఆలోచించవు. చిలక అక్కడా అదే చేసేది. రోజూ సాయంత్రం వెనక గుమ్మంలోకి వెళ్ళి, ఆ ఖాళీ వాటా గోడ మొదట్లో బిందె వంచేసేది. వంచుతూ చెంబు పాట పాడేది. చివర ఊఁ ఊఁ అనేది.

ఇసుక నీళ్ళని టప్పున పీల్చేసేది. తడి మాత్రం ఎప్పుడూ ఒకే వైపు పాకేది... గోడ కిందికి.

ఇది పైనుంచి మేడాయన చూశాడు. ఇంటి ఓనరు. ఆ మేడే కాదు, సందులో సగం ఇళ్ళు ఆయనవే. భార్య పోయి ఒక్కడూ ఉంటాడు.

"ఏయ్ అమ్మాయ్! ఏం పారబోస్తున్నావు?"

"నిలవ నీళ్ళేనండీ."

"నిలవ నీళ్ళా? మీ వానదేశంలో అయితే నీళ్ళు. ఇక్కడ అది నా నెత్తురు!"

మనది ఊరుకునే చిలకా? "అయితే మీ నెత్తురికి కాస్త నాచు పట్టిందండీ," అందిట, వచ్చీరాని ఆ ఊరి మాటల్లో. ఎదురింటి గుమ్మంలో కూర్చున్న టైలరమ్మ పకపకా నవ్వింది. సందంతా నవ్వింది.

మేడాయన నవ్వలేదు.

మర్నాడు పొద్దున కుళాయి తిప్పితే గాలి. కింది వాటాకి నీళ్ళు వదిలే వాల్వు మెట్ల కింద ఇనప పెట్టెలో ఉంటుంది. పెట్టెకి తాళం వేలాడుతోంది. చిలక పరుగున పైకి వెళ్ళి అడిగింది.

"నాకేం తెలుసు? నీళ్ళ ఆఫీసువాళ్ళు వేసుకుపోయారు," అన్నాడాయన. "నువ్వు పారబోస్తున్నావని ఎవరో చెప్పి ఉంటారు. వాళ్ళు ఎప్పుడొస్తే అప్పుడే."

వేసవి నడిమధ్య. కిటికీ ఊచ పట్టుకుంటే చెయ్యి కాలే ఎండ. టైలరమ్మ చాటుగా ఒక బిందెడు ఇచ్చింది. సాయంత్రానికల్లా మేడాయన సందు మొగలో నిలబడి అందరికీ వినపడేట్టు అన్నాడు—ఆ వాటాకి నీళ్ళిచ్చిన ఇంటికి నీళ్ళుండవని. ఆ తర్వాత తలుపులన్నీ మూసుకున్నాయి.

చీకటి పడ్డాక టైలరమ్మ ఒక్కతే వెనక గుమ్మానికి వచ్చి, చిలక చెవిలో చెప్పింది. "వెళ్ళిపో అమ్మాయ్. నీ పిల్లని తీసుకుని వెళ్ళిపో. ఆ పక్క వాటాలో కూడా నీలాంటి పిల్లే ఉండేది. నీలాగే ఎక్కడో వానల చోటు నుంచి వచ్చింది. నీలాగే బిందె వంచేది. ఆవిడకీ ఇలాగే... ఆఫీసువాళ్ళు తాళం వేశారన్నారు. మొగుడు ఊళ్ళో లేడు. ఆవిడకి మా మాట రాదు. గుమ్మం గుమ్మానికీ వచ్చి ఏదో అడిగింది. నీళ్ళనుకున్నాం. ఇంకేం అడుగుతుంది? మేడాయనకి భయపడి తలుపులేసుకున్నాం. తర్వాత... ఎండదెబ్బ అన్నారు."

"ఏమని అడిగింది పిన్నీ?"

"చెప్పానుగా, మా మాట కాదు. ఇప్పటికీ రాత్రిళ్ళు అదే మాట అడుగుతుంది. అదే గొంతు."

ఎక్కడికని వెళ్తుంది మా పిల్ల? అల్లుడికి ఫోను చేస్తే అందలేదు. చంటిదానికి ఒళ్ళు కాలిపోతోంది. బిందె అడుగున ఉన్న నీళ్ళతో గుడ్డ తడిపి నుదుటిన వేసింది. ఆ గుడ్డ చూస్తుండగానే బిరుసెక్కిపోయింది.

రాత్రి గాలి ఆగిపోయింది. ఆకు కూడా... అక్కడ ఆకులెక్కడివి! ఏదీ కదల్లేదు. చంటిది ఏడవడం మానేసింది. ఏడిస్తే బాగుండునని తల్లి ఎదురుచూసే ఏడుపు ఉంటుంది చూడండి, అదీ లేదు.

అప్పుడు వినపడింది. పైన.

చప్... చప్... జల్...

నీళ్ళు.

మేడాయన పడక వేసుకోబోతూ, చల్లదనం కోసం డాబా మీద నీళ్ళు చల్లుకుంటున్నాడు. బకెట్లకి బకెట్లు. చిలక గిన్నె పట్టుకుని పరుగెత్తి తూము కింద పెట్టింది. దుమ్ము కలిసిన నాలుగు చుక్కలు పడ్డాయి, అంతే. తలెత్తి చూసింది. పైన పిట్టగోడ మీదికి వంగి, చొక్కా లేకుండా, మేడాయన కిందికే చూస్తున్నాడు. మెడలో నల్ల తాడు వేలాడుతోంది. తాడుకి ఒక తాళంచెవి, డాబా లైటుకి తళుక్కుమంది.

"ఏం అమ్మాయ్," అన్నాడు మెల్లగా. "ఇప్పుడు నవ్వించు సందుని."

లైటు ఆర్పేశాడు.

ఇది చెప్తున్నప్పుడు చిలక గొంతు పెరగలేదు. తగ్గింది. నా పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుని చెప్తోంది.

"లోపలికొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాను పెద్దమ్మా. చంటిది ఒళ్ళో. ఆ గోడ... చల్లగా ఉంది. ఊరంతా నిప్పులా ఉంటే, అది మాత్రం మన ఇంటి నేలలా చల్లగా. అప్పుడు అవతల నుంచి మాట వచ్చింది. నా చెవి పక్కనే. అది ఏ భాషో అనుకున్నారే వాళ్ళంతా..."

"ఊఁ?"

"మన మాట, పెద్దమ్మా. నువ్వూ నేనూ మాట్లాడుకునే మాటే."

"ఏమడిగిందే?"

చిలక కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"పాపం, నీళ్ళే కదూ. మరి నువ్వేమన్నావు?"

"చెప్పాల్సింది చెప్పాను," అంది.

తర్వాత గోడ అవతల ఒక చెంబు నేలమీద ఈడ్చిన చప్పుడు. అది గుమ్మం దాటింది. మెట్ల దగ్గరికి వచ్చింది. మెట్టుకి తగిలింది... టంగ్. ఇంకో మెట్టు... టంగ్. బీరువా కాదు ఈసారి.

పైదాకా వెళ్ళి ఆగింది.

"ఎవరూ?" అన్నాడు మేడాయన.

డాబా మీద చెంబు ఈడ్చిన చప్పుడు.

"ఎవరది? నిన్ను... నిన్ను ఎవరు..."

అప్పుడు లేచింది గాలి. ఆ ఊళ్ళో ఇసుకగాలి అలాగే వస్తుందిట, చెప్పకుండా. తలుపులు దడదడలాడాయి. కిటికీ సందుల్లోంచి ఇసుక జలజలా రాలింది. ఆ హోరులో మేడాయన గొంతు సన్నగా, పొడిగా...

"నీళ్ళు... నీళ్ళు..."

నిండు ట్యాంకు పక్కన నిలబడి నీళ్ళడుగుతున్నాడు. చాలాసేపు అడిగాడు. సందులో అందరూ విన్నారు. ఒక్క తలుపు తెరుచుకోలేదు. రాత్రిళ్ళు ఏదో గొంతు ఏదో అడగడం, తలుపులు బిగించుకోవడం... వాళ్ళకి అలవాటే కదా.

ఆ గొంతు ఆగాక, గాలిలోనే ఎవరో పాడారుట. చిన్నగా, జోల పాడినట్టు.

"నా పాటే పెద్దమ్మా. నేను రోజూ బిందె వంచుతూ పాడిన పాట. నేను ఊఁ ఊఁ అనే చోట ఆవిడ అనలేదు. ఇలా పాడింది..."

చిలక కళ్ళు మూసుకుని పాడింది.

*పోసిన చేతికి కడవెడు ఇచ్చిందే.
మూసిన చేతికి ఇసుకే ఇచ్చిందే.*

అదే! అవే రెండు పాదాలు! నా చిన్ననాటి స్నేహితురాళ్ళు ఒక్కరూ లేరిప్పుడు, ఎవర్ని అడిగినా తెలియదన్నారు. చిలకకి నేను నేర్పనే లేదు. ఎక్కడో దేశం ఆ కొసన, గోడ అవతల, నా పాట నాకు దొరికింది. ఆ పిల్ల ఎవరి ఒళ్ళో నేర్చుకుందో... ఏ తల్లి కన్నదో.

పాట ఆగగానే వంటింట్లో కుళాయి బుస్సుమంది. గాలి, తుప్పు, ఆ వెనక నీళ్ళు. చిలక దోసిలి పట్టింది. చంటిది గుటక వేసింది. ఇంకో గుటక వేసి, కెవ్వున ఏడ్చింది.

తెల్లవారాక టైలరమ్మా, ఇంకొందరూ పైకి వెళ్ళారు. మేడాయన ట్యాంకు మొదట్లో కూర్చుని ఉన్నాడు. ట్యాంకు మూత తీసే ఉంది, అంచు దాకా నీళ్ళు. ఆయన పెదాలు మాత్రం బీటలు వారి, నాలుక చెక్కలా ఎండి ఉంది. కుడి పిడికిలి బిగుసుకుపోయింది. విప్పితే ఇసుక కారింది... విప్పినకొద్దీ కారిందిట. మెడలో తాడుంది, తాళంచెవి లేదు. అది కింద, ఇనప పెట్టె తాళానికే ఉంది. పెట్టె బార్లా తెరిచి ఉంది.

డాక్టరు వచ్చి, ఇసుకగాలికి ఊపిరాడలేదన్నాడు. అలా పోయినవాళ్ళు ఆ ఊళ్ళో అంతకుముందూ ఉన్నారుట. కావచ్చు. గాలి గట్టిదే.

మేడాయన కొడుకు ఎక్కడినుంచో వచ్చి, ఇనప పెట్టెలన్నీ పీకించేశాడు. గోడ అవతల గొంతు మళ్ళీ ఎవరూ వినలేదు. పాలవాడు ఇప్పుడు మలుపు దగ్గర సైకిలు దిగడంలేదుట. మా పిల్ల అదే వాటాలో ఉంది. ఇప్పటికీ రోజూ సాయంత్రం ఒక చెంబుడు నీళ్ళు ఆ గోడ మొదట్లో పోస్తుంది. టైలరమ్మా పోస్తుంది. ఎవరూ ఏమీ అనరు.

మొన్న చంటిదాన్ని నాకు చూపించడానికి వచ్చి, ఈ కథంతా చెప్పింది. చంటిది బుడిబుడి నడకలు నడుస్తోంది. తిరిగి వెళ్ళేరోజు బస్సు దాకా నేనూ వెళ్ళాను. మనసు ఆగక కిటికీ దగ్గర నిలబడి అన్నాను, "ఎంతైనా ఆ పిల్ల దాహంతో పోయిందే. అంతకాలం నీళ్ళ కోసం అలా అడుగుతూనే ఉందంటే..."

బస్సు కదిలింది. చిలక కిటికీలోంచి వంగి, నా చెవి దగ్గరికి వచ్చింది. మాట మెల్లగా ఉంది. కళ్ళు మాత్రం నేను పెంచిన పిల్ల కళ్ళలా లేవు.

"నీళ్ళు కాదు పెద్దమ్మా ఆవిడ అడిగింది. 'తాళంచెవి ఎవరి దగ్గరుంది?' అని. గుమ్మం గుమ్మానికీ తిరిగి అడిగింది, ఆ ఊళ్ళో ఒక్కరికీ అర్థం కాలేదు... నాకు అర్థమైంది. చెప్పాను."