కృష్ణమ్మ బాగైనంక

ఉప్పల్ పాత ఊళ్లో తెల్లారకముందే లేచేవాళ్లలో కృష్ణమ్మ ఒకతె. పెరట్లో రెండు బర్రెలు. లేవగానే సండాసుకు పోయివచ్చి, సబ్బుతో చేతులు కడుక్కొని, పాలు పిండడానికి కూర్చునేది. పిండడం కాగానే మళ్లీ పోయేది. వాడకట్టువాళ్లు గిన్నెలు పట్టుకొని వచ్చే వేళకు మరోసారి. అప్పుడు పాలు కొలిచిపోసే పని కోడలు ఛాయాదేవి అందుకునేది. ఎండ పెరట్లోకి వచ్చేసరికి కడుపు నెమ్మదించి, కృష్ణమ్మ హాయిగా చాయ్ తాగేది.

ఈ రాకపోకలన్నీ కొడుకు దామోదర్ కిటికీలోంచి చూస్తుండేవాడు. నాచారంలో మందుల కంపెనీలో అతని పని. డ్యూటీకి తయారవుతూ తల్లి ఎన్నిసార్లు లేచిందో గమనించేవాడు. ఏమీ అడిగేవాడు కాదు.

ఏడాది కింద, తొంభై ఎనిమిది వానాకాలంలో, ఆమెకు పెద్దపేగు చివర క్యాన్సర్ అని తేలింది. కడుపు మొత్తం కోయకుండా, చిన్న రంధ్రాలు పెట్టి, లోపలికి కెమెరా దించి చేసే ఆపరేషన్ అప్పుడప్పుడే నగరంలోకి వస్తోంది. డాక్టర్ ఉమామహేశ్వర్ ఆ పద్ధతిలోనే గడ్డను తీశాడు. కొన్ని నెలలు పొట్ట మీద, మలం చేరడానికి కట్టిన సంచి ఉంది. తర్వాత దాన్నీ తీసేసి పేగును మామూలు దారికి కలిపారు. ఇప్పుడు చూపిద్దామన్నా ఆమె పొట్ట మీద నాలుగు చిన్న మచ్చలు, సంచి ఉన్నచోట ఒక గీత తప్ప ఏమీ లేవు. గడ్డి మోపు ఎత్తగలదు, పేడ తీయగలదు. పక్కింటివాళ్లు ఆమెకు ఆపరేషన్ జరిగిందన్న సంగతే మరిచిపోయారు.

దామోదర్ మాత్రం మరవలేదు. అతని తండ్రి ఆగయ్య కూడా కడుపులో గడ్డతోనే పోయాడు. ఆయనకు పొట్ట నిలువునా కోశారు. ఆ కోత మానలేదు. చివరి నెలల్లో ఆయన తిండి తగ్గించి, నొప్పి దాచి, అడిగినవాళ్లందరికీ బాగానే ఉందని చెప్పాడు. ఇప్పుడు తల్లి రాత్రిపూట ఒక్క రొట్టెతో లేచిపోతోంది. చుట్టాల ఇళ్లకు పిలిస్తే ఏదో ఒక సాకు చెబుతోంది. ఆమెను దవాఖానాకు తీసుకుపోయిన ప్రతిసారీ దామోదర్ బయట బల్ల మీదే కూర్చున్నాడు. లోపల ఏం వినాల్సివస్తుందోనని భయం. డాక్టర్ చెప్పేదంతా అత్తాకోడళ్లే విని వచ్చేవారు. ఆ సంగతులు కొడుకు ముందు మాట్లాడటం కృష్ణమ్మకు సిగ్గు. ఛాయాదేవిని కూడా మాట్లాడనివ్వలేదు.

ఒక ఆదివారం పొద్దున దమ్మాయిగూడ నుంచి బర్రెల బేరగాడు మొగిలయ్య పలుపుతాళ్లు పట్టుకొని వచ్చాడు. బయట ట్రాలీ ఆటో ఆగి ఉంది. రెండు బర్రెలకూ దామోదర్‌తో బేరం కుదిరిందన్నాడు. కృష్ణమ్మ చేతిలోని కుడితి బకెట్ కింద పెట్టి కొడుకు వైపు చూసింది.

"నాకు చెప్పకుండనే అమ్మినవా?"

దామోదర్ తల వంచుకొని, ఆమెకు విశ్రాంతి కావాలనీ, ఇక కష్టపడాల్సిన పనిలేదనీ ఏదో గొణిగాడు. కృష్ణమ్మకు అది మరోలా తగిలింది. బర్రెల కొట్టం తీసేసి అక్కడ అద్దెకు గదులు కడితే బాగుంటుందని అతను ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది.

"జాగ గావాల్నంటే సీదా అడుగు, ఇస్త," అంది. "అంతేగని నేను బతికుండంగనే నన్ను సచ్చినోళ్ల లెక్కల కలపకు."

ఆ మాటకు దామోదర్ ముఖం మాడిపోయింది. మొగిలయ్య పరిస్థితి అర్థం చేసుకొని, చాయ్ తాగి వస్తానని వీధిలోకి వెళ్లాడు.

"జాగ ఎవనికి గావాలె అమ్మా," అన్నాడు దామోదర్. "నాయిన గూడ గిట్లనే తిండి తగ్గిచ్చిండు. అడిగితే మంచిగనే ఉన్నననేటోడు. నువ్వు పొద్దున ఊకె లేసి పోతుంటే నేను సూస్తలేననుకున్నవా? అది మల్ల వచ్చింది. నువ్వు నాతోని దాస్తున్నవ్."

ఇన్ని నెలలుగా కొడుకు మనసులో ఇది నడుస్తోందని కృష్ణమ్మకు తోచనేలేదు. ఛాయాదేవి మెల్లగా దగ్గరికి వచ్చింది.

"ఇగ సిగ్గువడకు అత్తమ్మా. నువ్వే చెప్పు ఆయనకు."

కృష్ణమ్మ కొట్టం అరుగు మీద కూర్చొని, కొడుకును పక్కన కూర్చోమంది.

"గడ్డ తోటి పేగు కొస గూడ తీసి, మిగిలింది కలిపిన్రు బిడ్డా. ఆపుకునే జాగ తక్కువైంది. అందుకే ఊకె పోవాల్సొస్తది. వస్తే ఆగదు. అది రోగం గాదు, ఆపరేషన్ అయినంక చానమందికి గిట్లనే ఉంటదట. రాత్రి తక్కువ తింటే పొద్దున జర అల్కగ ఉంటది. బస్సుల ఏమైతదోనని ఎవరింటికి పోతలేను. ఇంతే ముచ్చట. కొడుకుతోని ఎట్ల చెప్పాలె?"

దామోదర్ చిన్నపిల్లవాడిలా ఆమె భుజానికి తల ఆనించి ఏడ్చాడు. మొగిలయ్య తిరిగివచ్చి ఒక చూపు చూసి, తాళ్లు చుట్టుకొని, ఖాళీ ట్రాలీతోనే వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి పరీక్షకు దామోదర్ సెలవు పెట్టి తల్లి వెంట లోపలికి వెళ్లాడు. స్కానింగ్‌లో ఎక్కడా ఏమీ లేదని ఉమామహేశ్వర్ చెప్పాడు. పైన కోతలు చిన్నవే అయినా లోపల చేసిన పని పెద్దదనీ, అలవాటు పడటానికి పేగుకు సమయం పడుతుందనీ, ఇబ్బంది కొంత తగ్గినా కొంత మిగిలిపోవచ్చనీ వివరించాడు. వేళకు తినమన్నాడు, కడుపు మాడ్చుకోవద్దన్నాడు. బర్రెల పని చేయవచ్చా అని దామోదర్ అడిగితే, నిక్షేపంగా చేసుకోవచ్చన్నాడు.

బయటికి రాగానే ఆకలేస్తోందని కృష్ణమ్మే అంది. హోటల్లో ఇద్దరూ ఇడ్లీ తిన్నారు. ఆపరేషన్ తర్వాత ఆమె బయట తినడం అదే మొదటిసారి. చట్నీ మళ్లీ వేయించుకొని మరీ తింది.

ఉప్పల్ బస్సు అంబర్‌పేట దాటి రామంతాపూర్ చేరేసరికి ఆమె ముఖం మారింది. చీర కొంగు గట్టిగా పట్టుకుంది. దామోదర్ చూశాడు. ఏమీ అడగకుండా లేచి బస్సు ఆపించి, ఆమె చెయ్యి పట్టుకొని దిగాడు. ఎదురుగా కనిపించిన ఇంటి గేటు తీశాడు. వాకిట్లో పెసలు చెరుగుతున్న ముసలామె తలెత్తింది.

"పెద్దమ్మా, మా అమ్మకు పేగు ఆపరేషన్ అయింది," అన్నాడు, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. "జల్దీ సండాసుకు పోవాలె. జర తోవ సూపియ్యి."

ఆమె చాట పక్కన పెట్టి, కృష్ణమ్మను చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయింది. దామోదర్ గేటు దగ్గర నిలబడ్డాడు. ఉప్పల్ పోయే బస్సు ఒకటి వచ్చి వెళ్లింది. దాని వెనక ఇంకొకటి. అతను తొందరపడలేదు.

కాసేపటికి లోపల నుంచి మాటలు వినిపించాయి. ఆ ముసలామె ఏదో అడుగుతోంది. కృష్ణమ్మ నవ్వుతూ, తన పొట్ట మీది చిన్న మచ్చల గురించి, కెమెరా గురించి ఆమెకు తీరికగా చెబుతోంది.