ఇనప మూత అవతల

వంటగదిలో ఉల్లిపాయలు వేగుతున్నాయి. పక్క బల్ల దగ్గర నలుగురు పేకాడుకుంటున్నారు. నెత్తిమీద ఎంత సముద్రం ఉందో ఎవరికీ పట్టలేదు. కడుపునిండా క్షిపణులు పెట్టుకున్న ఆ అణు సబ్‌మెరైన్ నెలల తరబడి నీళ్ళ అడుగున నక్కి ఉంటుంది. ఎవరికీ దొరక్కుండా ఉండటమే దాని ఉద్యోగం.

అందుకే ఇంటి నుంచి కబురు వస్తుంది గానీ, ఇక్కడి నుంచి ఒక్క మాటా పైకి పోదు. వచ్చింది చెడు కబురైతే కెప్టెన్ తన దగ్గరే ఆపేసి, ఒడ్డు చేరాకే చెబుతాడు. ముందే చెబితే మాత్రం ఏడ్చే మనిషిని ఇంటికి పంపే దారేదీ?

సోనార్ దగ్గర కూర్చుని సముద్రపు చప్పుళ్ళు వినే మనిషిని అందరూ చెవులాయన అనేవాళ్ళు. అతను బయల్దేరేనాటికి కూతురు జ్వరంతో మూలుగుతోంది. అందరికీ కబుర్లొస్తున్నాయి. అతనికి మాత్రం వారాలుగా ఏదీ లేదు.

"మీ ఆవిడ నిన్ను మర్చిపోయిందిరా బాబూ," అన్నాడు వంటాయన, నవ్వించబోయి.

చెవులాయనకి కెప్టెన్ నియమం గుర్తొచ్చింది. రాలేదంటే ఆపేశారన్నమాట!

ఆ పూటే హెడ్‌ఫోన్లలో దగ్గు వినిపించింది. చిన్నపిల్ల దగ్గు. బయటి నీళ్ళలోంచి...

"నాన్నా, చలేస్తోంది. తలుపు తియ్యి."

హెడ్‌ఫోన్లు విసిరికొట్టి కెప్టెన్ గదికి పరిగెత్తి, ఆయన కాళ్ళమీద పడ్డాడు. "నా బంగారుతల్లి పోయిందా సార్? మీకు పుణ్యముంటుంది, చెప్పేయండి!"

ఆ మొహం చూసి కెప్టెన్ నియమం పక్కన పెట్టేశాడు. "పోలేదయ్యా, లే! జ్వరం తగ్గిందట. కానీ అప్పట్నుంచీ పిల్ల అన్నం ముట్టదట, కన్ను మూయదట. రోజంతా నీళ్ళ తొట్టిలోనే కూర్చుంటుందట. మీ ఆవిడ బాగా భయపడుతోంది. అందుకే ఆపాను."

బతికే ఉంది! చెవులాయన ఏడుస్తూనే నవ్వాడు.

అంతలో నడవాలో చప్పుడు. సముద్రంలోకి తెరుచుకునే ఇనప మూత మీద, అవతలి వైపు నుంచి. టక్... టక్...

"నాన్నా... అమ్మ దగ్గరున్నది నేను కాదు."

ఈసారి కెప్టెన్ కూడా విన్నాడు.

"సార్, మా ఆవిడకి ఒక్క మాట పంపండి. దాన్ని వదిలేసి పుట్టింటికి పారిపొమ్మనండి. ఒక్క మాట సార్..."

"పంపితే మనం దొరికిపోతాం. ఇంతమంది ప్రాణాలయ్యా. నా వల్ల కాదు."

చెవులాయన బతిమాలాడు. తిట్టాడు. రేడియో గదివైపు ఉరికితే నలుగురు పట్టుకుని నేలకి అదిమి, నోరు మూశారు. "అరవకురా, దండం పెడతాను," అని గొణిగాడు వంటాయన, తనూ ఏడుస్తూ.

మూత మీద చప్పుడు ఆగింది.

చాలాసేపు ఏమీ లేదు...

మళ్ళీ మొదలైంది. ఈసారి ఒకరు కాదు... ఇద్దరు కొడుతున్నారు.

"తలుపు తియ్యి నాన్నా... అమ్మ కూడా వచ్చేసింది."